గార్లాండ్ హోల్కమ్ ట్రక్కూ, దానికి మించిన ట్రైలరూ

గార్లాండ్ హోల్కమ్ జీవితంలో ఏదీ టేపు పెట్టి కొలవలేదు. కొలతలే బతుకుతెరువైన మనిషి కొలవలేదంటే వింతగా ఉంటుంది గానీ, మా ఊళ్ళో అది అందరికీ తెలిసిన సంగతే. పశ్చిమ కాన్సస్‌లో గోధుమ చేల నడుమ ఉన్న మా చిన్న ఊళ్ళో చాలా ఏళ్ళు తివాచీల దుకాణం నడిపాడు. ఎవరైనా ఇంటికి పిలిస్తే గుమ్మంలో నిలబడి, ఒక కన్ను మూసి గదంతా ఓసారి చూసి, "సరిపోతుందిలే" అనేవాడు. అంతే కొలత. మా మెథడిస్టు చర్చికి వేసిన తివాచీ వెనక గోడకు జానెడు దూరంలో ఆగిపోయింది. ఇదేమిటని పాస్టరు అడిగితే, "గోడకి గాలాడాలండీ, లేకపోతే చెమ్మ పడుతుంది" అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు కనురెప్ప కూడా వాల్చలేదు. ఆ జానెడు చోటును మేము పూలకుండీలతో కప్పుకున్నాం.

నేను అర్డిస్‌ని. హైస్కూలు వంటశాలలో పనిచేసి రిటైరయ్యాను. గార్లాండ్ భార్య వెల్డా, నేనూ చర్చి పాటల బృందంలో పక్కపక్కన నిలబడేవాళ్ళం. అందుకే వాడి గురించి నేను చెప్పేదాంట్లో విన్నవి తక్కువ, చూసినవి ఎక్కువ. వాడంటే నాకు గౌరవం లేదు. ఆ మాట ముందే చెప్పేస్తే నాకు సుఖం, మీకూ సుఖం.

వెల్డా రైతు కూతురు. పెళ్ళికి ముందు కోతల కాలంలో గోధుమ నింపిన లారీని వాళ్ళ నాన్న పొలం నుంచి గిడ్డంగి దాకా తనే నడిపేది. పెళ్ళయ్యాక గార్లాండ్ పక్కన ఉండగా స్టీరింగ్ ముట్టుకున్న పాపాన పోలేదు. "ఆడవాళ్ళకి దూరాలు అందవు" అనేవాడు, జానెడు తివాచీ తక్కువ వేసిన మహానుభావుడు.

దుకాణం అమ్మేశాక వాడికి చలికాలమంతా అరిజోనాలో గడపాలన్న కోరిక పుట్టింది. మేము, అంటే నేనూ నా భర్త ఓరెన్, ఏటా అలాగే వెళ్తాం. మాది పాత బరువైన ట్రక్కు, దాని వెనక చిన్న ట్రైలరు. అందులో మంచం, పొయ్యి, ఇద్దరు గొడవపడకుండా కూర్చునేంత బల్ల ఉన్నాయి. గార్లాండ్ దాన్ని 'మీ డబ్బా' అనేవాడు. అలాంటి డబ్బా వాడికెందుకు? విచిటాలో ట్రైలర్లు అమ్మే చోట ఒక ఫిఫ్త్ వీల్‌ని చూసి మనసు పారేసుకున్నాడు.

ఈ ఫిఫ్త్ వీల్ మామూలు ట్రైలరులా బంపరుకు తగిలించుకునేది కాదు. దాని ముందు భాగం మెడ చాపినట్టు ట్రక్కు వెనక తొట్టి మీదికి వచ్చి, అక్కడ బిగించిన గుండ్రటి పలక మీద కూర్చుంటుంది. అంటే ట్రక్కు దాన్ని లాగితే చాలదు, వీపు మీద మోయాలి కూడా. గార్లాండ్ చూసిన దాంట్లో రెండు స్నానాల గదులు, గోడలో పొయ్యి, పడుకునే గదికి ఎక్కే మెట్లు ఉన్నాయి. రోడ్డు మీద నిలబెడితే చిన్నపాటి ఊరేగింపులా ఉంటుంది. వాడి ట్రక్కేమో చెర్రీపండు రంగులో మెరిసే చిన్న రకం. కిరాణా సామాను తెచ్చుకోడానికి, బౌలింగ్ ఆటకి పోడానికి దివ్యంగా ఉంటుంది.

ఆ రోజు వెల్డాకి తోడుగా నేనూ వెళ్ళాను.

"ఇంత పెద్దదాన్ని మన ట్రక్కు లాగుతుందా?" అని అడిగింది వెల్డా.

"ట్రక్కు పుస్తకంలో పన్నెండు వేల పౌండ్లు లాగుతుందని రాసుంది. ఇది పదకొండు వేలు. ఇంకా వెయ్యి మిగిలిందే!" అన్నాడు గార్లాండ్, ఆ వెయ్యి తన సొంత కష్టార్జితమైనట్టు.

"ఆ పదకొండు వేలు ఖాళీ ట్రైలరు బరువు. మనం బట్టల్లేకుండా వెళ్తున్నామా?"

అమ్మేవాడు పకపకా నవ్వాడు. "మేడం భలే జోకులేస్తారే!"

వెల్డా నవ్వలేదు. ట్రక్కు దగ్గరికి పోయి డ్రైవరు వైపు తలుపు తీసి, చట్రం మీద అంటించిన పసుపు కాగితాన్ని వంగి చదివింది. "మనుషులూ సామానూ అంతా కలిపి పదహారు వందల పౌండ్లు మించకూడదంట. ఇదిగో బాబూ, నీ ట్రైలరు మెడ మా ట్రక్కు మీద ఎంత బరువు మోపుతుంది?"

వాడు తన బూట్ల వంక చూసుకున్నాడు. "సామాను సర్దాక... రెండున్నర వేలు ఉండొచ్చు మేడం. ఇంకొంచెం ఎక్కువా ఉండొచ్చు. అయినా అందరూ ఇలాగే తీసుకెళ్తారు."

"విన్నావా గార్లాండ్? ఇంకా ఆ పదహారు వందల్లో నిన్ను కూడా కలపాలి. నువ్వొక్కడివే ఓ పియానో."

"ఆ కాగితాలు రాసేది లాయర్లు, డ్రైవర్లు కాదు" అన్నాడు గార్లాండ్. ఒక కన్ను మూశాడు. ట్రైలరు వంకా, ట్రక్కు వంకా చూశాడు. "సరిపోతుందిలే."

ఇంటికి తెచ్చి తగిలించగానే ట్రక్కు తోక నేలకు కుంగింది, ముక్కు పైకి లేచింది. ముందు దీపాలు రోడ్డు మానేసి ఆకాశంలో పిట్టల్ని వెతుకుతున్నట్టున్నాయి. మా వీధి వీధంతా బయటికొచ్చి చూసింది. ఇంకొకడైతే సిగ్గుపడి వెనక్కి తోలుకెళ్ళేవాడు. మనవాడు వెనక ఇరుసు మీద గాలి సంచులు పెట్టించి, వాటిలో గాలి కొట్టించాడు. తోక పైకి లేచింది.

"చూశావటోయ్ ఓరెన్? గీత గీసినట్టుంది!"

ఓరెన్ మాటలు తక్కువ మనిషి. చుట్టూ తిరిగి చూసి, "వెనక లేచింది. బరువు మాత్రం ఎక్కడికీ పోలేదు" అన్నాడు.

"అసూయ పడకోయ్. నీ డబ్బా నీకుంది."

నడుముకి బెల్టు బిగించినంత మాత్రాన మోసే బస్తా తేలికవుతుందా? కానీ గార్లాండ్‌కి కంటికి బాగుంటే బాగున్నట్టే. ఆ సంతోషంలో సామాను ఎక్కించడం మొదలుపెట్టాడు. వాలుకుర్చీ ఎక్కించాడు. సగం ఆవు మాంసంతో ఫ్రీజరు ఎక్కించాడు. బౌలింగ్ బంతులు ఎక్కించాడు. ఆఖరికి నీళ్ళ ట్యాంకు కూడా మూతి దాకా నింపాడు. ఎందుకయ్యా అంటే దారిలో వచ్చే కొలరాడో నీళ్ళతో కాఫీ బాగుండదట. తన జీవితంలో కొలరాడో కాఫీ తాగిన పాపాన పోలేదు.

అక్టోబరులో బయల్దేరాం. వాళ్ళ బండి ముందు, మాది వెనక. మాట్లాడుకోడానికి రెండు బళ్ళలోనూ చెరొక చేతి రేడియో పెట్టుకున్నాం. కాన్సస్ నేల చపాతీ పీటలా ఉంటుంది, దాని మీద ఏ బండైనా పోతుంది. గార్లాండ్ పోయాడు. దారి పొడుగునా ఆ రేడియోలో వాడి గొంతే.

"అర్డిస్, మీ డబ్బా చక్రాలు ఊడిపోలేదు కదా? ఇక్కడ నా బండి వెన్నలా పోతోంది!"

పెద్ద లారీ పక్క నుంచి దాటినప్పుడల్లా ఆ వెన్న ఇటు ఓ గజం, అటు ఓ గజం జారుతూనే ఉంది. వెనక నుంచి చూస్తుంటే నా కాళ్ళు వాటంతటవే లేని బ్రేకుని తొక్కేవి. మధ్యాహ్నం పెట్రోలు బంకు దగ్గర ఆగినప్పుడు వెల్డా మొహం పాలిపోయి ఉంది.

"స్టీరింగ్ తేలిపోతోంది అర్డిస్. ముందు చక్రాలు నేలని పట్టుకోవడం లేదు. చెప్తే గాలి అంటాడు" అంది. ఇంకో మాట కూడా చెప్పింది. ట్రైలరుకి సొంత బ్రేకులుంటాయి, అవి ఎంత గట్టిగా పట్టాలో డ్రైవరు దగ్గరున్న మీటతో సరిచేసుకోవాలి. గార్లాండ్ దాన్ని బాగా తగ్గించేశాడట. అది పట్టినప్పుడల్లా కుదుపుకి చేతిలో కాఫీ ఒలికిపోతోందట.

కాఫీ కోసం! నేను ఓరెన్ వంక చూశాను. ఓరెన్ పోయి చెప్పాడు. "నాకు బండి నడపడం నేర్పకోయ్" అనిపించుకుని తిరిగొచ్చాడు.

రెండో రోజు కొలరాడోలో ఊల్ఫ్ క్రీక్ కనుమ ఎక్కాం. ఎక్కాం అనడం మర్యాద కోసం, పాకాం అంటే నిజం. ఆ చెర్రీపండు ట్రక్కు మూలుగుతూ నడక వేగంతో కొండెక్కుతుంటే మా వెనక కార్లు తాడు కట్టినట్టు నిలిచిపోయాయి. ఒకడు మమ్మల్ని దాటి, గార్లాండ్‌నీ దాటుతూ కిటికీలోంచి ఏదో అరిచాడు. రాయడానికి బాగుండని మాట. ఆ రోజు నేను కూడా మనసులో అదే అనుకున్నాను.

కొండ కొసన బళ్ళు ఆపుకునే చోటుంది. అక్కడ ఆగాం. అప్పటికే నేల మీద మంచు పలచగా పడింది. ట్రక్కులోంచి వెల్డా దిగింది. ఒక చంకలో చేతిసంచి, ఇంకో చంకలో వాళ్ళ బుల్లి కుక్క పికిల్. తిన్నగా మా ట్రక్కు దగ్గరికొచ్చి వెనక తలుపు తీసుకుని కూర్చుంది.

గార్లాండ్ వెనకాలే వచ్చాడు. "ఇదేంటి వెల్డా? జనం చూస్తున్నారు."

"చూడనీ."

"దిగుడేగా మిగిలింది. కష్టమంతా అయిపోయింది!"

"ఎక్కేటప్పుడు బండి బలం కావాలి గార్లాండ్. దిగేటప్పుడు బ్రేకులు కావాలి. నీకు రెండూ లేవు. ముగ్గురు పిల్లల్ని పెంచాను, మనవలున్నారు. నీ కంటి కొలతకి నేను చావను."

"కుక్కనైనా ఇటివ్వు."

"దాన్నీ ఇవ్వను."

ఓరెన్ ఒక్కటే అన్నాడు. "కింది గేర్లో పెట్టు. బ్రేకు మీద కాలు ఆనించి కూర్చోకు. ట్రైలరు బ్రేకు మీట పెంచు."

"సరే సరే" అన్నాడు గార్లాండ్. ఆ 'సరే సరే' వాడు ఎలా అంటాడో నాకు తెలుసు. తివాచీ అంచులు ఊడిపోయాయని వచ్చిన ఆడవాళ్ళతో కూడా అలాగే అనేవాడు.

దిగడం మొదలుపెట్టాం. మొదట్లో బాగానే ఉంది. రెండు మలుపులు తిరిగేసరికి వాడి బ్రేకు దీపాలు వెలిగి ఇక ఆరడం మానేశాయి. తర్వాత వాసన వచ్చింది. కాలిన రబ్బరూ, పెనం మీద మాడిన ఇనుమూ కలిసిన వాసన. తర్వాత ట్రక్కు ముందు చక్రాల దగ్గర నుంచి పొగ మొదలైంది. మాకూ వాడికీ మధ్య దూరం పెరిగిపోతోంది. మేము వేగం తగ్గించలేదు, వాడే జారిపోతున్నాడు.

అలాంటి కనుమల్లో బ్రేకులు పోయిన బళ్ళ కోసం రోడ్డు పక్కన ఎత్తుకి ఎక్కే రాళ్ళ దారి ఒకటి ఉంటుంది. లోతుగా గులకరాళ్ళు పోసి ఉంచుతారు. బండి అందులో దూరితే కూరుకుపోయి ఆగుతుంది. మొదటి రాళ్ళ దారి కనపడగానే ఓరెన్ రేడియో అందుకున్నాడు. "గార్లాండ్, కుడివైపు ఆ రాళ్ళలోకి పో."

"అది లారీలకోయ్! అంతా నా చేతిలోనే ఉంది."

గొంతులో మాత్రం వెన్న లేదు. ఆ దారి వెనక్కి పోయింది.

తర్వాతి మలుపులో వాడి ట్రైలరు ఎడమవైపు చక్రాలు నేలమీంచి లేవడం నేను చూశాను. లేచి, మళ్ళీ పడ్డాయి. ఎదురొచ్చిన కారు హారను మోగిస్తూ రోడ్డు అంచుకి పోయింది. ఆ కారులో వెనక సీట్లో పిల్లలున్నారు. గార్లాండ్ మీద నాకు మామూలుగా ఉండే చిరాకు ఆ క్షణాన అసహ్యమైంది. ఇప్పటికీ పూర్తిగా పోలేదు. వాడి చావు వాడిష్టం, ఆ పిల్లలేం చేశారు?

రెండో రాళ్ళ దారి బోర్డు కనపడింది. వెల్డా వెనక సీట్లోంచి ముందుకి వంగి ఓరెన్ చేతిలోంచి రేడియో లాక్కుంది.

"గార్లాండ్ హోల్కమ్! కుడికి తిప్పు! ఇప్పుడే!"

తిప్పాడు. పెళ్ళయ్యాక వాడు ఆవిడ చెప్పిన మాట వెంటనే వినడం నేనెరిగి అదే మొదటిసారి.

రాళ్ళు రెండు పక్కలా నీళ్ళలా ఎగిరాయి. ట్రక్కు ఇరుసుల దాకా కూరుకుపోయింది. వెనకున్న ట్రైలరు మాత్రం ఇంకా రావాలనుకుని, మెడ వంచి ట్రక్కు వీపు మీదికి ఎక్కి, వెనక అద్దాన్ని పగలగొట్టి ఆగింది. తొట్టి అప్పడంలా నలిగింది. ఆ తర్వాత చప్పుడు లేదు, దుమ్ము ఒక్కటే.

మేము కింద బండి ఆపి పరిగెత్తాం. అందరికంటే ముందు వెల్డా. ఆ రాళ్ళలో అడుగేస్తే మోకాలి దాకా దిగుతోంది, అయినా పోయింది. తలుపు తీసింది. గార్లాండ్ స్టీరింగ్ రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. ఒంటికి దెబ్బ లేదు. చొక్కా నిండా మాత్రం కాఫీ.

"బ్రేకులు సరిగ్గా చెయ్యలేదు కంపెనీ వాళ్ళు" అన్నాడు.

వెల్డా ఒక చెయ్యి చాపి వాడి చెంప ముట్టుకుంది, నిజంగా బతికే ఉన్నాడా అన్నట్టు. తర్వాత అదే చెయ్యి తిప్పి అరచేయి పట్టింది.

"తాళాలు ఇలా ఇవ్వు."

ఇచ్చాడు. నలిగిపోయిన ట్రక్కు తాళాలు ఆవిడకెందుకని అడగలేదు.

హైవే పోలీసు వచ్చింది, కొత్తగా ఉద్యోగంలో చేరిన అమ్మాయిలా ఉంది. ట్రైలరు వంకా ట్రక్కు వంకా రెండుసార్లు చూసి, "దీన్ని దీనికి కట్టారా?" అంది. ఏం చెప్తాం?

కింద పగోసా స్ప్రింగ్స్‌లో ట్రైలర్లు నిలిపే పార్కులో ఆగిపోయాం. ట్రైలరు ముక్కు బాగుచేయించవచ్చన్నారు. ట్రక్కు పని అయిపోయిందన్నారు. ఇంకొకడైతే మంచం కింద దూరేవాడు. గార్లాండ్ రెండు రోజులు దూరాడు కూడా. మూడో రోజుకి ఆ ఊళ్ళో ఉన్న వేడినీటి గుండాల్లో గడ్డం దాకా మునిగి, పక్కవాళ్ళకి కథ చెప్పడం మొదలుపెట్టాడు. బట్టలుతికే చోటికి పోతూ నా చెవులారా విన్నాను.

"పద్నాలుగు వేల పౌండ్లు! సూదిలో దారం ఎక్కించినట్టు ఆ రాళ్ళ దారిలోకి ఎక్కించాను. ఇంకొకడైతే లోయలో ఉండేవాడు."

"అమ్మో! భయం వెయ్యలేదా?" అంది నీళ్ళలో ఉన్నావిడ.

"భయపడితే బండి నడపలేం అమ్మా."

ఉతకాల్సిన దుప్పటి వాడి మొహాన కొట్టాలనిపించింది. శుభ్రమైన దుప్పటి అయ్యుంటే అనిపించేది కాదు, మాసింది కాబట్టి అనిపించింది.

వాడు నీళ్ళలో నానుతుండగా వెల్డా పని చూసుకుంది. ముందు ఫ్రీజరు, వాలుకుర్చీ, బౌలింగ్ బంతులు దింపించి అక్కడి చర్చి వాళ్ళకి ఇచ్చేసింది. నీళ్ళ ట్యాంకు ఖాళీ చేసింది. ముక్కు బాగయ్యాక ఆ గుండ్రటి పలకని ఓరెన్ ట్రక్కు తొట్టిలో బిగించి, ట్రైలరుని మెల్లిగా లాగించి, లారీలు తూచే కాటా మీద పెట్టించి, మెడ ఎంత మోపుతుందో, చక్రాలు ఎంత మోస్తున్నాయో విడివిడిగా రాయించుకుంది. ఆ తర్వాతే ట్రక్కు కోసం బయల్దేరింది.

ఫార్మింగ్టన్‌లో ఒక గుర్రాలవాడి దగ్గర దొరికింది. వెనక ఇరుసుకి అటు రెండు, ఇటు రెండు చక్రాలున్న డీజిలు ట్రక్కు. బురద రంగు. లోపల గుర్రాల వాసన. వెల్డా బేరం కంటే ముందు తలుపు తీసి కాగితం చదివింది. తర్వాత స్టీరింగ్ ముందు కూర్చుని సీటు ముందుకి జరుపుకుంది.

దాన్ని చూసి గార్లాండ్ ముక్కు చిట్లించాడు. "ఇదేం రంగు?"

"నువ్వు కూర్చునేది లోపల. రంగు కనపడదు."

"సరే, తాళాలివ్వు."

"ఎందుకు?"

అంతే. ఆ తర్వాత ఆ మాట ఎత్తలేదు. అరిజోనా చేరే దాకా వాడు పక్క సీట్లో ఒళ్ళో కుక్కతో కూర్చుని, కిటికీలోంచి చూస్తూ మొహం ముడుచుకునే ఉన్నాడు. వెల్డా మాత్రం వాళ్ళ నాన్న గోధుమ లారీలో కూర్చున్నట్టు కూర్చుంది, వీపు నిటారుగా. దిగుళ్ళలో ఒక్కసారి కూడా ఆ బ్రేకు దీపాలు వెలిగి వెలిగి ఉండిపోవడం నేను చూడలేదు.

గార్లాండ్ మారాడా అని మా ఊళ్ళో అడుగుతారు. మనిషికి సిగ్గనేది పుట్టుకతో రావాలి. ఆ చలికాలం అరిజోనా పార్కులోకి ఐయోవా నుంచి ఒకాయన వచ్చాడు. మెరిసే చిన్న ట్రక్కు, కళ్ళలో పెద్ద ఫిఫ్త్ వీల్ కొనాలన్న ఆశ. సరిగ్గా గార్లాండ్‌నే పట్టుకున్నాడు.

"పుస్తకంలో పన్నెండు వేలు లాగుతుందని ఉందండీ. సరిపోతుందంటారా?"

గార్లాండ్ గొంతు సవరించుకున్నాడు. "చూడండి సార్, లాగడం వేరు, మోయడం వేరు. మీ తలుపు మీద పసుపు కాగితం ఉంటుంది, చదివారా? ట్రైలరు ఖాళీ బరువు నమ్మకండి, సామానుతో లెక్కెయ్యండి. అందులో ఐదో వంతు, ఒక్కోసారి నాలుగో వంతు మీ ట్రక్కు వీపు మీద పడుతుంది. మిమ్మల్ని కూడా అందులో కలుపుకోవాలి. గాలి సంచులు పెడితే సరిపోతుందని ఎవడైనా చెప్తే వాడు వెధవ. మా ఆవిడకి ఇదంతా నేను మొదటి రోజే చెప్పాను."

నేను పక్క ట్రైలరు నీడలో బంగాళాదుంపలు తరుగుతున్నాను. కత్తి ఆగిపోయింది. ఆ అబద్ధానికి ఒక అంచు లేదు, ఒక కుట్టు లేదు.

మెట్ల మీద కూర్చున్న వెల్డా అంతా విన్నది. లేచి వచ్చి వాడి పరువు తీస్తుందని ఎదురుచూశాను. ఆవిడ పికిల్ చెవులు దువ్వుతూ అలాగే కూర్చుంది.

"నువ్వేమీ అనవేంటి?" అన్నాను ఐయోవా ఆయన వెళ్ళాక.

"లెక్క సరిగ్గానే చెప్పాడుగా" అంది.

ఐయోవా ఆయన చిన్న ట్రైలరుతోనే సరిపెట్టుకున్నాడు. ఆ వసంతంలో భార్యతో కలిసి కొండల మీదుగా క్షేమంగా ఇల్లు చేరానని మాకు ఫోను కూడా చేశాడు. గార్లాండ్‌కి ప్రత్యేకంగా ధన్యవాదాలు చెప్పమన్నాడు. నేను చెప్పలేదు. చెప్పనూ చెప్పను.

ఇప్పుడు ఏటా వాళ్ళు మా పక్క చోట్లోనే దిగుతారు. అంత పెద్ద ట్రైలరుని ఇరుకు చోట్లోకి వెనక్కి నెట్టడం చూడ్డానికి పార్కులో కుర్చీలు వేసుకుని మరీ కూర్చుంటారు. గార్లాండ్ ముందే దిగి, ట్రైలరు వెనక నిలబడి, రెండు చేతులూ గాల్లో ఊపుతూ ఎడమకి, కుడికి, ఆగు, రా అని అరుస్తుంటాడు. వెల్డా రెండు పక్కల అద్దాల్లో చక్రాలనూ, కంచెనూ, కొళాయి గొట్టాన్నీ చూసుకుంటూ, వాడు అద్దంలోకి అడ్డం వచ్చినప్పుడు కొంచెం ఆగి, వాడు తప్పుకున్నాక మళ్ళీ వెనక్కి పోనిస్తుంది.